ఎముక అతికినా నొప్పి తగ్గలేదంటే టెండన్‌ను చూడాలి

ప్రశ్న: నా వయసు 41. ఏడు నెలల కిందట బైక్ స్కిడ్ అయ్యి కుడి చీలమండ విరిగి, కీలు పక్కకు తప్పింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. ఎముక అతికిందని ఎక్స్‌రే చూసి చెప్పారు. కానీ లోపలి వైపు నొప్పి, వాపు తగ్గలేదు. మెట్లు ఎక్కలేకపోతున్నాను. పాదం చదునుగా మారినట్టుంది. ప్లేటు తీయించేస్తే సరిపోతుందా?

జవాబు: ప్లేటు సంగతి తేల్చే ముందు టెండన్‌ను, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగాన్ని పరీక్షించాలి. చీలమండ లోపలి వైపు ఉబ్బెత్తుగా తగిలే ఎముకకు సరిగ్గా వెనక, దాన్ని ఒరుసుకుంటూ 'టిబియాలిస్ పోస్టీరియర్' కండరం తాలూకు టెండన్ పాదంలోకి దిగుతుంది. పాదం వంపును నిలబెట్టడంలో, మడమను లోపలికి తిప్పడంలో దీనిదే ప్రధాన పాత్ర. పాదం బయటికి మెలితిరిగి కీలు తప్పినప్పుడు, విరిగిన ఎముక అంచు తగిలి ఈ టెండన్ తెగవచ్చు. అరుదుగా ఎముకల మధ్య ఇరుక్కుపోవచ్చు కూడా. ఇరుక్కుంటే కీలు సరిగా కూర్చోదు కాబట్టి అప్పుడే అనుమానం వస్తుంది. తెగినప్పుడే చిక్కు. ఎక్స్‌రేలో టెండన్ కనిపించదు, వాచిపోయిన కాలిని కదిలించి చూసే వీలుండదు, అందువల్ల చాలామందిలో నడక మొదలుపెట్టాకగానీ సంగతి బయటపడదు.

గోడకు చేతులు ఆనించి, ముందు బాగున్న కాలి మీద, తర్వాత దెబ్బతిన్న కాలి మీద నిలబడి మడమ పైకెత్తి చూడండి. దెబ్బతిన్న వైపు మడమ లేవకపోయినా, లేచినా లోపలికి తిరగకపోయినా అనుమానం బలపడుతుంది. నెలల తరబడి వాడక పిక్క నీరసించినా ఇలాగే ఉండొచ్చు కనుక దీన్నే నిర్ధారణ అనుకోవద్దు. మడమల వెనక నుంచి ఒక ఫొటో తీయించండి. ఆ కాలికి బయటి వైపు ఎక్కువ వేళ్లు కనిపిస్తుంటే పాదం చదునవుతున్నట్టే.

లోపల లోహం ఉంటే ఎంఆర్ఐలో బొమ్మ చెదరవచ్చు కాబట్టి, ఇలాంటి కేసుల్లో అనుభవమున్న రేడియాలజిస్టు చేసే అల్ట్రాసౌండ్ బాగా ఉపయోగపడుతుంది. దానితో పాటు నిలబడి రెండు పాదాలకూ ఎక్స్‌రే తీయించాలి. మీ అనుమానాన్నీ కొట్టిపారేయలేం: లోపలి ఎముకలో స్క్రూ బాగా వెనక్కి పడితే దాని తల టెండన్‌కు రాసుకుని నొప్పి పుట్టిస్తుంది, అదే కారణమైతే స్క్రూ తీయడం సబబే.

కొత్తగా తెగిన టెండన్‌ను నేరుగా కుట్టవచ్చు. నెలలు గడిస్తే కొసలు వెనక్కి లాక్కుపోతాయి కనుక, సాధారణంగా కాలి వేళ్లను వంచే టెండన్‌ను దాని స్థానంలోకి మార్చి, అవసరమైతే మడమ ఎముకను కోసి కాస్త లోపలికి జరుపుతారు. పాదం మెత్తగా కదులుతున్నంత కాలమే ఈ మార్గం. బిగుసుకుపోతే కీళ్లను అతికించాల్సి రావచ్చు. అందుకే ఇంకా ఆలస్యం చేయకుండా పాదం, చీలమండ చికిత్సల్లో అనుభవమున్న ఆర్థోపెడిక్ సర్జన్‌ను, ఆపరేషన్ నోట్స్, మొదటి రోజు ఎక్స్‌రేలతో సహా కలవండి. ఈలోగా వంపుకు ఆసరా ఇచ్చే ఇన్‌సోల్ వాడవచ్చు. నొప్పి తగ్గడానికని టెండన్ దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాత్రం చేయించుకోకండి, బలహీనపడిన టెండన్ దానితో పూర్తిగా తెగే ప్రమాదం ఉంది.