జట్టు పెడుతున్నావట, ముందు నీ చేతులు కట్టుకో

బిడ్డా,

నీ మెసేజ్ చూశాను. పిల్లలిద్దరినీ ఇంట్లోనే చదివిస్తున్నందుకు, నలుగురిలో కలవడం వీళ్లకెట్లా వస్తుందని మీ అత్తగారు రోజూ అడుగుతున్నారని రాశావు. అందుకే పిల్లలు జట్టుగా కలిసి సమస్యలు పరిష్కరించే ఒడిస్సీ ఆఫ్ ది మైండ్ లాంటి పోటీకి జట్టు కట్టాలని ఉందన్నావు. కట్టు. అయితే అత్తగారికి జవాబు చెప్పడానికి కట్టకు, అట్లా కడితే పిల్లలు గెలిచేదాకా నీకు నిద్ర పట్టదు, వాళ్లనూ పడుకోనివ్వవు.

సర్వీసంతా పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పిల్లలకు రంపం, ఆకురాయి పట్టడం నేర్పినవాణ్ని, రిటైరయ్యాక ఇట్లాంటి జట్ల దగ్గర కూర్చుంటున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా. ఈ పోటీలో పిల్లలకన్నా పెద్దవాళ్లకే కష్టం. పిల్లలు తప్పు జోడిస్తుంటే కళ్లెదుట చూస్తూ నోరు మూసుకుని కూర్చోవాలి, నీలాంటి చురుకైన తల్లికి అది ఇంకా కష్టం.

ముందు ఆట సంగతి. అమెరికాలోని న్యూజెర్సీలో శామ్ మిక్లస్ అనే కాలేజీ ప్రొఫెసర్ తన విద్యార్థులకు చక్రాల్లేని బండి చేయండి, చెరువు దాటే సాధనం చేయండి అని పనులు పెట్టేవాడు. 1978లో అదే పోటీగా మారింది. జట్టులో ఏడుగురి దాకా ఉండొచ్చు. నెలల ముందే ఒక పెద్ద సమస్య ఇస్తారు, దాని పరిష్కారాన్ని ఎనిమిది నిమిషాల నాటకంలో కలిపి చూపించాలి, దానికి 200 మార్కులు. చూపించే తీరుకు 50. గదిలోకి పిలిచి అప్పటికప్పుడు ఇచ్చే సమస్యకు 100. 1999లో ఇందులోంచి వేరుపడి డెస్టినేషన్ ఇమాజినేషన్ అని ఇంకొకటి వచ్చింది, అదీ ఇంచుమించు ఇదే పద్ధతి. రెండింట్లోనూ గట్టి నిబంధన ఒక్కటే: ఆలోచన, తయారీ, మాటలు, రంగులు, అన్నీ పిల్లలవే కావాలి. పెద్దవాళ్ల చెయ్యి పడిందని తేలితే మార్కులు కోస్తారు.

అంటే నువ్వు ఏమీ చేయకూడదని కాదు. కుట్టు రాకపోతే కుట్టు నేర్పొచ్చు, సోల్డరింగ్ నేర్పొచ్చు, మోటారు ఎట్లా తిరుగుతుందో చెప్పొచ్చు. కానీ ఆ మోటారు మన బండికి ఇక్కడ పెడితే బాగుంటుంది అన్నావంటే గీత దాటినట్టే. పిల్లలు వచ్చి "ఇది ఎట్ల చేయాలె?" అని అడిగితే "మీరేమనుకుంటున్నారు, ఇంతవరకు ఏం చేసి చూశారు?" అని తిరిగి అడుగు. మొదట్లో విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఇంట్లో చదివే పిల్లల దగ్గర నేను చూసిన చిక్కు ఒకటుంది. జవాబు చెప్పేముందు అమ్మ ముఖం చూస్తారు. నీ చిన్నోడు మొన్న నా దగ్గర కూర్చున్నప్పుడు కూడా అంతే, ఏదో చెప్పబోయి, వంటింటి వైపు చూసి, నువ్వు తలూపాకే చెప్పాడు. వాడికి లెక్క వచ్చు, తెలివీ ఉంది, ఆ తలూపు లేకుండా మాట బయటికి రాదంతే. అప్పటికప్పుడు సమస్య ఇచ్చే గదిలోకి నిన్ను రానివ్వరు. అందుకే సాధన మీ ఇంట్లో పెట్టకు, లేదా పెట్టి నువ్వు బయటికి వెళ్లు. భద్రకాళి గుడికి పోయి చెరువు కట్ట మీద నడిచిరా, నీకూ మంచిది.

ఇక జట్టు. అక్కాతమ్ముళ్లిద్దరితోనే కానిచ్చేద్దామనుకోకు. పెద్దది మాట్లాడుతుంది, చిన్నోడు సరే అంటాడు, అది జట్టు కాదు. కాజీపేట, హన్మకొండ వైపు ఇంట్లో చదివిస్తున్న ఇళ్లు ఇంకా ఉంటాయి, వెతుకు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్ల పిల్లలకు దారం, ముడి, బిగింపు నీకూ నాకూ తెలిసినదానికన్నా ఎక్కువ తెలుసు. బడికి పోయే పిల్లల్ని, పోని పిల్లల్ని ఒకే జట్టులో కలపొచ్చా లేదా అన్నది పోటీలో జట్టుకు సభ్యత్వం ఎవరి పేరు మీద తీసుకుంటున్నావన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ ఏడాది మన దేశంలో ఎవరు నడుపుతున్నారో కనుక్కుని, ఇంటి చదువు జట్టును తీసుకుంటారా అని మెయిల్ పెట్టి రాతలో జవాబు తెప్పించుకున్నాకే డబ్బు కట్టు. ఫోన్లో "ఆఁ చూద్దాం మేడమ్" అన్న మాట లెక్కలోకి రాదు. ఇంకోటి, జట్టు ఏ వయసు విభాగంలో ఆడాలన్నది అందరిలోకి పెద్ద పిల్లను బట్టి నిర్ణయిస్తారు. తొమ్మిదేళ్లవాళ్లు నలుగురుండి ఒక్కరికి పదిహేనేళ్లుంటే మొత్తం జట్టు పెద్దవాళ్లతో తలపడాలి. వయసులు దగ్గరగా చూసుకో.

వేరే పోటీల సంగతి కూడా అడిగావు. బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం పెట్టే ఇన్‌స్పైర్ మానక్‌కు పేర్లు బడి నుంచే పోవాలి, మీకు దారి లేదు. లెగో ముక్కలతో రోబో కట్టి ఆడే ఫస్ట్ లెగో లీగ్‌లో రోబో రెండున్నర నిమిషాలే తిరుగుతుంది, దాని మార్కులతో సమానంగా ప్రాజెక్టుకూ, జట్టుగా మెలిగే తీరుకూ ఇస్తారు, అది నాకు నచ్చుతుంది. కిట్ ఖర్చే మస్తు. మొదటి ఏడాదే అంత పెట్టుబడి వద్దు.

పుల్లలతో మొదలుపెట్టు. ఒడిస్సీలో ఏటా ఒక సమస్య బాల్సా అనే చాలా తేలికైన కర్ర మీద ఉంటుంది. మూడు మిల్లీమీటర్ల మందం పుల్లలు, జిగురు, అంతే. కొన్ని గ్రాముల కట్టడం తయారుచేసి దాని మీద బరువులు పేర్చుకుంటూ పోతారు. బాల్సా ఇక్కడ దొరక్కపోతే కొబ్బరి చీపురు ఈనెలు, ఫెవికాల్ చాలు. మొదటిరోజు ఏమవుతుందో ఇప్పుడే చెప్తా. పిల్లలు అతుకు దగ్గర జిగురు ముద్దలుగా పెడతారు, కట్టడం బరువెక్కుతుంది, ఆరకముందే పైన బియ్యం ప్యాకెట్ పెడతారు, ఒక పొడవాటి పుల్ల పక్కకు విల్లులా వంగి మొత్తం కూలుతుంది. అప్పుడు లొల్లి మొదలవుతుంది, నీ వల్లే నీ వల్లే అని. ఇక్కడే నువ్వు మధ్యలో దూరకు. కాసేపటికి ఎవరో ఒకరు పడిన పుల్లలు ఏరి, విరిగిందెక్కడ, వంగిందెక్కడ అని చూస్తారు. పుల్ల నలగలేదు, వంగింది అని కనిపెట్టినవాళ్లు మధ్యలో ఒక అడ్డపుల్ల వేస్తారు. పుల్లకు ఆసరా లేని పొడవు సగమైతే అది వంగకుండా మోసే బరువు నాలుగింతలవుతుంది, ఇంజినీరింగ్‌లో మేం ఫార్ములా పెట్టి నేర్పేది అదే. దాన్ని ముందే చెప్పేశావనుకో, పుల్ల నిలబడుతుంది గానీ పిల్లలకు మిగిలేదేమీ ఉండదు. వాళ్లు కనిపెట్టాక మాత్రం చెప్పు, ఎందుకట్లా అయిందో.

ఒక ఆదివారం పాలంపేట తీసుకుపో. రామప్ప గుడి 1213 నాటిది, పునాది కింద ఇసుక నింపారు, శిఖరానికి నీళ్ల మీద తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. గైడ్ చెప్పకముందే పిల్లల్ని అడుగు, కింద ఇసుక ఎందుకు పోసుంటారు, పైన తేలిక ఇటుక ఎందుకు పెట్టుంటారు అని. తప్పు జవాబులు రానీ, నవ్వకు.

అప్పటికప్పుడు చెప్పే సమస్యలకు రోజూ పది నిమిషాలు చాలు. అందరూ చెప్పే జవాబుకు తక్కువ మార్కులు, ఎవరికీ తట్టనిదానికి ఎక్కువ. ఒక చాట మధ్యలో పెట్టి, ఇది ఇంకేం కావచ్చు అని వంతులవారీగా అడుగు. బియ్యం చెరగడానికి, చెత్త ఎత్తడానికి, ఇవి మామూలు. ఏనుగు చెవి అన్నా మామూలే, మన దగ్గర అందరూ అనేదే. మా వాడకట్టులో ఒక చిన్న పిల్ల "వానలో కోడిపిల్లల ఇల్లు" అంది చూడు, అది కావాలి. పక్కవాడు చెప్పింది వినకుండా తన వంతు కోసం ఎగిరే పిల్లలుంటారు, వాళ్లకు వినడం నేర్పాలి, ఎందుకంటే మంచి జవాబు చాలాసార్లు ముందువాడు చెప్పిన దాని మీదే పుడుతుంది.

సమస్య ఎట్లా పట్టుకోవాలో చెప్పడానికి చింతకింది మల్లేశం సంగతి చెప్పు. ఆలేరు దగ్గరి ఊరు, బడి మధ్యలో మానేసినవాడు. చీర నేసేముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పనికి, అంటే ఆసు పోయడానికి, వాళ్లమ్మ చెయ్యి వేలసార్లు ముందుకూ వెనక్కూ ఆడించాల్సి వచ్చేది, భుజం నొప్పితో ఆమె పడే బాధ చూసి ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ కన్నా ఆ భుజం నొప్పి గురించే ఎక్కువ చెప్పు. మీ పిల్లలు ఎప్పుడూ యూట్యూబ్‌లో చూసిన యంత్రంతో మొదలుపెడతారు, ఎవరికి ఏం ఇబ్బంది అన్నది అడగరు.

ఖర్చుకు పరిమితి ఉంటుంది, పాత సామాను వాడినా దానికో విలువ కట్టి రాయాలి. బిల్లులన్నీ ఒక డబ్బాలో వేస్తుండు. లెక్క రాసే పని పిల్లల్లో ఒకరికి అప్పగించు. అల్లుణ్ని మాత్రం వెల్డింగ్ దగ్గరికి రానివ్వకు, ఆయన ఉత్సాహం నాకు తెలుసు, బండి మొత్తం తనే చేసి పెడతాడు.

కనీసం ఐదుగురు పిల్లలు దొరికాక ఫోన్ చెయ్యి, పాత ఆకురాళ్లు, చిన్న రంపాలు నా దగ్గరున్నాయి, తెచ్చిస్తా. పట్టుకోవడం ఒక్కసారి చూపించి వెళ్లిపోతా. నువ్వు టీ పెట్టి బయటికి రా.

నీ పెద్దనాన్న