పునాది తవ్వకముందే తేల్చుకోవలసినవి: 200 గజాల ఇంటి లైన్ ప్లాను

చిరంజీవి అల్లుడికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎలివేషన్ బొమ్మలు, అదే ఇంటి ముఖం బొమ్మలు, చూశాను. బాగానే ఉన్నాయి గానీ వాటిని ఓ రెండు నెలలు పక్కన పెట్టు. గదులు ఎక్కడ వస్తాయో తేలకుండా ముందు ముఖం గీయించుకుంటే, ఆ ముఖం కోసం లోపలి ఇల్లు వంకర్లు తిరుగుతుంది. ఇప్పుడు నీకు కావలసింది లైన్ ప్లాను. మెట్లు, కారు, వంటిల్లు, నీళ్లు ఎక్కడెక్కడ కుదురుతాయో అందులో తేలాలి. ఈ నాలుగూ కుదిరితే పడగ్గదులు మిగిలిన చోట సర్దుకుంటాయి. నలుగురు చేసే పని దీనికి తిరగబడి ఉంటుంది. ముందు పడగ్గదుల కొలతలు రాసుకుని, మెట్లని చివర్లో ఏదో మూలకి తోస్తారు.

అన్నిటికన్నా ముందు స్థలం కొలిపించు. దస్తావేజులో 30 అడుగులు, 60 అడుగులు అని ఉన్నంత మాత్రాన నేల మీద అలా ఉంటుందని లేదు. నాలుగు వైపులా టేపు పట్టాక మూల నుంచి ఎదురు మూలకి రెండు కర్ణాలూ కొలవాలి. 30×60 సరిగ్గా ఉంటే ఏ మూల నుంచి ఎదురు మూలకి కొలిచినా 67 అడుగుల 1 అంగుళం రావాలి. ఒకటి 66½, ఇంకొకటి 67½ వచ్చిందంటే స్థలం వాలుగా ఉన్నట్టే. అది ఇప్పుడే తెలిస్తే గోడని ఏ హద్దుకి సమాంతరంగా కట్టాలో కాగితం మీద తేల్చుకోవచ్చు. ముగ్గు పోసే రోజున తెలిస్తే ఆ తేడా అంతా వెనక పడగ్గదిలో కలుస్తుంది.

ఇక కట్టుకోనిచ్చే జాగా. మీ 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. 2012 నాటి ఇళ్ల నిర్మాణ నియమాల జీవో 168 పట్టిక ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలానికి, రోడ్డు 12 మీటర్ల లోపైతే, ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. ఎత్తు 10 మీటర్లు దాటకూడదు. ప్లాను పెట్టే రోజుకి ఏమైనా సవరణ వచ్చిందేమో మీ లైసెన్స్ ఇంజనీరుని అడిగి రాయించుకో. ఈ లెక్కన నీకు మిగిలేది 23 అడుగుల 5 అంగుళాల వెడల్పు, 51 అడుగుల 9 అంగుళాల పొడవు. అంతస్తుకి దాదాపు 1,210 చదరపు అడుగులు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 23 అడుగులుంది కదా, రెండు పక్కపక్క గదులు 11½ చొప్పున వస్తాయనుకుంటారు. బయటి గోడలు 9 అంగుళాలవి రెండు తీసెయ్యి, 21 అడుగుల 11 అంగుళాలు. మధ్య గోడ 4½ అంగుళాలు తీసెయ్యి, 21 అడుగుల 6½ అంగుళాలు. ఆపైన సిమెంటు పూత. అంటే ఒకటి 11, ఇంకొకటి 10½. ఇంతకు మించి ఏ ఆర్కిటెక్టూ తేలేడు. గోడ మందం చూపించకుండా ఒంటి గీతలతో గీసిన ప్లాను మీద “మాస్టర్ బెడ్‌రూం 12×12” అని రాసిస్తే నమ్మకు. బయటి గోడలే అంతస్తుకి 110 చదరపు అడుగులు తినేస్తాయి.

10½ అడుగుల గదిలో 6×6½ మంచం వేసి చూడు. మంచం వెడల్పు పోగా నాలుగున్నర అడుగులు. పక్క గోడకి 2 అడుగుల లోతు వార్డ్‌రోబ్ పెడితే మంచానికి ఒక పక్కన రెండున్నర అడుగులు, రెండో పక్కన మంచం గోడకి ఆని ఉంటుంది. అందుకే వార్డ్‌రోబ్ మంచం కాళ్ల వైపుకి రావాలి, తలుపు మూలలో ఉండాలి. లైన్ ప్లానులో సామాను కూడా కొలతకి గీసి ఇమ్మని అడిగేది ఇందుకే.

ఇప్పుడు మెట్లు. అంతస్తు నుంచి అంతస్తుకి ఎత్తు ఎంతో ముందు తేల్చు. అందరూ పదిన్నర అంటారు. ఇప్పుడు కిందా పైనా రెండంతస్తులే కడుతున్నా, మీరు ఎప్పటికైనా వాటి మీద రెండో అంతస్తు వేస్తామంటున్నారు. పీఠం, అంటే రోడ్డు నుంచి ఇంటి నేల దాకా ఎత్తు, 2 అడుగులు, మూడు పదిన్నరలు కలిపితే 33½ అడుగులు, అంటే 10.2 మీటర్లు. 10 మీటర్ల హద్దు దాటిపోయింది. పది అడుగులు పెట్టుకుంటే మొత్తం 32 అడుగులు, 9.75 మీటర్లు. స్లాబు 5 అంగుళాలు పోయినా లోపల తొమ్మిదిన్నర అడుగుల పైనే ఉంటుంది, ఫ్యానుకి ఏ ఇబ్బందీ లేదు.

పది అడుగులంటే 120 అంగుళాలు. 17 ఎత్తులు పెడితే ఒక్కోటి 7 అంగుళాల చిల్లర, ఎక్కడానికి హాయిగా ఉంటుంది. కింద వరసలో 9, పై వరసలో 8. అడుగు వేసే వెడల్పు 10 అంగుళాలు. తొమ్మిది ఎత్తుల వరసలో కాలు పెట్టే మెట్లు ఎనిమిది, వాటికి 6 అడుగుల 8 అంగుళాలు, మలుపు దగ్గర 3, దిగే చోట 3, కలిపి 12 అడుగుల 8 అంగుళాల పొడవు. రెండు వరసలు మూడేసి అడుగులు, మధ్య సందు 6 అంగుళాలు, వెడల్పు ఆరున్నర. ఇంత పెట్టె ప్రతి అంతస్తులోనూ ఒకే చోట ఖాళీగా ఉండాలి. బేసి సంఖ్య పట్టింపు మీ అమ్మకి ఉందని తెలుసు. పై అంతస్తు నేలని కూడా మెట్టుగా లెక్కేస్తే 17, వెయ్యకపోతే 16. మీ సిద్ధాంతి ఏది లెక్కేస్తాడో ఇప్పుడే అడుగు. సెంట్రింగు కొట్టాక అడిగితే చివరి మెట్టు ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా తయారవుతుంది, పెద్దవాళ్లు తట్టుకుని పడేది అక్కడే.

మెట్ల మలుపు కింద బాత్రూం పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. తొమ్మిది ఎత్తులంటే 5 అడుగుల 3 అంగుళాలు, అందులో స్లాబు మందం పోతే నాలుగున్నర, నాలుగు ముప్పావు. ఇన్వర్టరుకి, చెప్పుల స్టాండుకి బాగుంటుంది.

మెట్లు దక్షిణం గోడకి ఆనించి, ఇంటి నడుమ పెట్టించు. అప్పుడు పక్కన హాలుకి 15 అడుగుల వెడల్పు మిగులుతుంది. మెట్ల మీది గది పైకప్పు దగ్గర గాజు లూవర్లు పెడితే నట్టింట్లోకి పైనుంచి వెలుతురు దిగుతుంది, వేడిగాలి పైకి పోతుంది. 30 అడుగుల స్థలాల్లో నడిమి గదులకి పక్క కిటికీల వల్ల వచ్చే వెలుతురు తక్కువే. నువ్వు మీటరు వదిలినా పక్కవాడు వదులుతాడో లేదో. పైన అద్దెకిచ్చే ఆలోచన ఉంటే మాత్రం లెక్క మారుతుంది. మెట్లు హాల్లోంచి కాకుండా పోర్టికో వైపు నుంచి మొదలవ్వాలి. ఈ ఒక్క నిర్ణయం మొత్తం ప్లానుని తిప్పేస్తుంది కాబట్టి అద్దె మాట మీ ఇంట్లో ముందే తేల్చుకోండి.

తూర్పు ముఖం ఇంట్లో అసలు తకరారు ముందు భాగంలోనే. రోడ్డు తూర్పున ఉంది. వంటిల్లు ఆగ్నేయం అంటారు, సింహద్వారం తూర్పు ఈశాన్యం అంటారు, కారు కూడా ముందే నిలవాలి. మూడూ ఆ 21 అడుగుల వెడల్పులోనే. ముందు వదిలే 1.5 మీటర్లు 5 అడుగులు కూడా కాదు, కాబట్టి కారు ఇంట్లోకి రాక తప్పదు. మామూలు ఎస్‌యూవీ 14 అడుగుల పైచిలుకు పొడవు, 6 అడుగుల వెడల్పు. పోర్టికో 13½ అడుగుల లోతు పెట్టి ముందు ఖాళీతో కలిపితే, ప్రహరీ మందం పోగా 17½ వస్తుంది. కారు పోగా మూడున్నర లోపు. ఇంటి నేల పార్కింగు కన్నా అడుగున్నర ఎత్తుంటే మూడు మెట్లు, గుమ్మం ముందు నిలబడే మూడడుగుల జాగా కావాలి. ఇవి కారు వెనక పట్టవు, పక్కకి తిరగాలి. కారు 6, తలుపులు తీయడానికి అటూ ఇటూ రెండేసి, మెట్లకి 3, వెరసి 13 అడుగులు. అప్పుడు ఆగ్నేయం వంటింటికి ఎనిమిదిన్నర వెడల్పు మిగులుతుంది. 8½×12 వంటిల్లు రెండు వైపులా గట్టు వేసుకున్నా సరిపోతుంది. గిన్నెలు తోముకునే చోటు దక్షిణం సందులోకి పెట్టు, వీధిలోకి కాదు.

వాస్తు ఒప్పుకునే రెండో దారి వాయవ్యం వంటిల్లు. అది వెనక్కి పోతుంది, ముందు భాగమంతా కారుకీ హాలుకీ దొరుకుతుంది. వెనక పడగ్గది ఒకటి ముందుకొస్తుంది. నా మటుకు మొదటిదే నయం. వంట చేసేవాళ్లకి గేటు కనిపిస్తుంది, పొద్దుటి ఎండ పడుతుంది. కానీ రెండూ గీయించు. ఒకే ప్లాను చూపించి “ఇదే బాగుంటుందండీ” అనే వాళ్ల దగ్గర తొందరపడి ఊ అనకు.

పీఠం ఎత్తు మాట కూడా ఇక్కడే. రోడ్డు వేసిన ప్రతిసారీ పైకి లేస్తుంది కాబట్టి ఇంటి నేల రోడ్డుకి 2 అడుగులైనా పైన ఉండాలి. పార్కింగు నేల మాత్రం 6 అంగుళాలు చాలు. పార్కింగునే అడుగున్నర లేపితే ఆ 5 అడుగుల ర్యాంపు మీద కారు పొట్ట గీసుకుంటుంది. ర్యాంపు రోడ్డు మీదికి దించితే ఎప్పుడో ఒకప్పుడు మునిసిపాలిటీ వాళ్లు పగలగొడతారు.

నీళ్ల సంగతి. ఈశాన్యంలో సంపు అంటే కారు సరిగ్గా దాని మీదే నిలుస్తుంది. తప్పేం లేదు, కానీ ఆ మూత స్లాబు కారు బరువుకి డిజైన్ చేయాలని ఇంజనీరుకి ముందే చెప్పాలి. మనిషి దిగే మూత కారు కిందికి రాకుండా ఓ పక్కన ఉండాలి. 6×6 సంపులో 5 అడుగుల నీళ్లంటే 5,100 లీటర్లు. మామూలు ట్యాంకరు 5,000. సంపు పూర్తిగా ఎండితే తప్ప ట్యాంకరు పట్టదన్నమాట. 6×8 చేయించు, 6,800 లీటర్లు వస్తాయి. మురుగు పైపు విషయంలో రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత తీయించి లోతు కొలిపించు. వెనక బాత్రూముల నుంచి గేటు దాకా 60 అడుగులు, అరవైకి ఒకటి వాలు ఇస్తే అడుగు దిగుతుంది. మొదలు ఇంకో అడుగు లోతు. మ్యాన్‌హోల్లో పైపు అంతకన్నా పైన ఉంటే, బాత్రూములు ముందుకి జరపాలి లేదా పీఠం లేపాలి. రెండూ ఇప్పుడైతే గీత చెరిపేసే పనే.

బాత్రూములు 4½×8 చాలు. పైవి కింది వాటి మీదే రావాలి, బయటి గోడకి ఆని ఉండాలి. పై బాత్రూం కింద పూజ గది గానీ వంటిల్లు గానీ పడకుండా చూసుకో.

పిల్లర్లు ఇంజనీరు తర్వాత చూసుకుంటాడులే అని వదిలేయకు. లైన్ ప్లాను మీదే పిల్లర్లు గుర్తు పెట్టించు. 9×12 పిల్లరు 9 అంగుళాల గోడలో కలిసిపోతుంది, 4½ గోడలో అయితే నాలుగున్నర అంగుళాలు గదిలోకి పొడుచుకొస్తుంది, అదీ సరిగ్గా వార్డ్‌రోబ్ మూలలో. ఏ వైపు పొడుచుకు రావాలో నువ్వు చెప్పాలి. కారు తిరిగే దారిలో పిల్లరు పడకుండా పోర్టికో దూలం ఎంత పొడవో అడుగు. రెండో అంతస్తు పదేళ్ల తర్వాత వేసినా, ఫుటింగులు, అంటే పిల్లర్ల కింది పునాదులు, ఇప్పుడే దానికి తగ్గట్టు వేయాలి.

ఖర్చు లెక్క కూడా ఈ దశలోనే ఒకసారి కట్టించు. రెండు అంతస్తులకి 2,400 చదరపు అడుగులు, దానికి మేస్త్రి చెప్పే రేటు, ఇంతే అనుకుంటావు. ప్రహరీ, గేట్లు, సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు, కరెంటు మీటరు, కప్‌బోర్డులు, ఎలివేషన్ పనులు ఆ రేటులో ఉన్నాయా లేవా, ఒక్కొక్కటీ అడిగి రాయించుకో. మామూలుగా ఉండవు. డబ్బు చాలదనిపిస్తే ఈ దశలో గది తగ్గించు. గోడలు లేచాక తగ్గించగలిగేది టైల్సూ తలుపులూ మాత్రమే.

రెండు ప్లానుల్లో ఒకటి నచ్చాక, ఓ ఆదివారం పొద్దున అందరూ స్థలానికి వెళ్లి గోడల గీతలు ముగ్గుపిండితో అసలు కొలతకి గీయండి. మంచం, కారు, గ్యాసు గట్టు కూడా. మీ నాన్నని బాత్రూం తలుపు నుంచి మంచం దాకా నడవమను. కాగితం మీద చాలనుకున్న మూడడుగుల నడవ, చేతికర్రతో నడిచేటప్పుడు ఎంతో అక్కడ తెలుస్తుంది. ఖాళీ నేల మీద గదులన్నీ చిన్నగానే కనిపిస్తాయి, అందుకు బెంబేలెత్తి అన్నీ పెంచమనకు. టేపు ఏం చెబితే అదే.

మార్పులన్నీ అయ్యాక ఆ కాగితం మీద తేదీ వేసి నువ్వూ ఆర్కిటెక్టూ సంతకాలు పెట్టండి. అనుమతికి పెట్టేదీ, ఇంజనీరుకి వెళ్లేదీ, మేస్త్రి చేతికిచ్చేదీ ఆ ప్లానే కావాలి. పాత కాపీలు చింపెయ్యి, సైటులో రెండు రకాల ప్లాన్లు తిరిగితే మేస్త్రి దేన్నో ఒకదాన్ని కట్టేస్తాడు.

ఆ రెండు ప్లాన్లూ చేతికి రాగానే నాకు పంపు. 1:100 కొలతకి, గోడ మందంతో, సామానుతో ఉండాలి. మెట్ల దగ్గర నిలువుగా కోసి చూపించే సెక్షన్ కూడా ఉండాలి, అది లేకుండా పంపితే నేను చూడటానికి ఏమీ ఉండదు. అక్కకీ బావగారికీ నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య