ఎంఆర్‌ఐ తీయకుండానే పార్కిన్సన్స్ అని ఎలా చెప్పారు, నమ్మొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నాన్నగారికి 62 ఏళ్ళు, ఏడాదిగా కుడి చెయ్యి వణుకుతోంది. జయనగర్‌లో ఒక న్యూరాలజిస్ట్‌కి చూపిస్తే అరగంట మాట్లాడి, నడిపించి చూసి, స్కాన్ ఏదీ లేకుండా పార్కిన్సన్స్ అని మందు రాసేశారు. నమ్మాలా, ఇంకొకరికి చూపించాలా?

నమ్మొచ్చు. ఒక్క విషయం మాత్రం సరిచూసుకోవాలి, దాని సంగతి కాసేపట్లో చెప్తాను. నేనూ బెంగళూరులోనే న్యూరాలజీ ప్రాక్టీస్ చేస్తున్నాను. అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి నా దగ్గరికి చాలామంది వస్తుంటారు. కూర్చోగానే స్కాన్ కవరు టేబుల్ మీద పెట్టేస్తారు. దాన్ని పక్కకి జరిపి "ఎప్పుడు మొదలైంది, చెప్పండి" అంటే, ఇంత డబ్బు పోసి తీయించింది చూడనైనా చూడడే అన్నట్టు మొహం పెడతారు. చూస్తాను, కానీ చివర్లో.

పార్కిన్సన్స్‌లో మామూలు ఎంఆర్‌ఐ చాలావరకు నార్మల్‌గానే వస్తుంది. మెదడు లోపల డోపమైన్ అనే, కదలికలకి కావాల్సిన రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోవడం ఆ బొమ్మలో తేలిగ్గా కనిపించదు. స్కాన్ తీసినా అది వేరే కారణం ఏదీ లేదని తేల్చుకోవడానికే. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి రాసింది ఆరుగురిని చూసి. వాళ్ళలో కొందరు ఆయనకి వీధిలో తారసపడ్డవాళ్ళే. ఇవాళ్టికీ దీన్ని కంటితో చూసే తేలుస్తాం.

ఆ అరగంటలో మీ డాక్టరు ఏం చూసుంటారో ఊహించగలను. చేతులు ఒళ్ళో పెట్టుకుని వందలోంచి ఏడేసి తీసేస్తూ లెక్కపెట్టమని ఉంటారు. మనసు లెక్క మీదికి పోగానే ఖాళీగా ఉన్న చెయ్యి వణకడం మొదలవుతుంది. కాఫీ గ్లాసు ఎత్తినప్పుడే వణుకు వచ్చి, రెండు చేతులకీ ఉండి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే అది వేరే రకం వణుకు అయ్యే అవకాశం ఎక్కువ. తర్వాత బొటనవేలు, చూపుడువేలు టకటకా తాటించమంటారు. పది సార్లు తాటించేలోపే కదలిక చిన్నదవుతూ పోతుంది. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగదు. వెనక్కి తిరగడానికి చిన్న చిన్న అడుగులు చాలా వేస్తారు. తిరగమోత వాసన తెలుస్తోందా, నిద్రలో అరిచి కాళ్ళు విసురుతున్నారా అని మీ అమ్మగారిని కూడా అడిగే ఉంటారు. వాసన తెలియకపోవడం, కలలో కొట్లాడటం, మలబద్ధకం, ఇవి వణుకుకి ఏళ్ళ ముందే మొదలుకావచ్చు.

ఇక సరిచూసుకోవాల్సిన విషయం: ఆయన వేసుకుంటున్న బిళ్ళలు. మన ఊళ్ళలో గ్యాస్‌కని రాసే కొన్ని క్యాప్సూల్స్‌లో ఎసిడిటీ మందుతో పాటు లీవోసల్పిరైడ్ అనే మందు కలిసి ఉంటుంది. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకి వాడే సిన్నరిజిన్, మైగ్రేన్‌కి వాడే ఫ్లునరిజిన్ కూడా ఈ కోవలోవే. నెలల తరబడి వాడితే ఇవి అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలే తెస్తాయి. మొన్న ఒక పెద్దాయన నడక నిదానించిందని వచ్చారు. "మందులేమీ లేవు సార్, బీపీకి ఒకటే" అన్నారు. వాళ్ళ కోడలు పర్సులోంచి సగం ఖాళీ అయిన స్ట్రిప్ తీసి "ఇది గ్యాస్‌కి, మందు కాదు కదా సార్" అంది. రోజూ పరగడుపున ఒకటి, ఏడాదిన్నరగా. చీటీ లేకుండానే మెడికల్ షాపులో కొనుక్కుంటున్నారట. ఆపించాను. ఇలాంటివి తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మీరు మాత్రం సొంతంగా ఏదీ ఆపకండి; ఇంట్లో ఉన్న బిళ్ళలన్నీ ఒక కవర్లో వేసి డాక్టరు ముందు పెట్టండి.

లక్షణాలు విని జబ్బు చెప్పడం అంటే మాకు రెండు ప్రశ్నలు, వరసగా: ఎక్కడ, ఆ తర్వాత ఏమిటి. నరం ఎక్కడ దెబ్బతిందో ముందు తేలాలి. అది రోజువారీ పనుల్లో బయటపడుతుంది. కింద కూర్చుంటే లేవలేకపోతున్నారంటే తొడ కండరాలు. అన్నం కలిపి ముద్ద చేయడం కష్టమైతే చేతివేళ్ళు. హిందూపురం రైతు ఒకాయన "చెప్పు జారిపోతాంది సార్, ఎనక్కి తిరిగి చూస్తే గానీ తెల్లేదు" అన్నారు. జారడం తెలిసీ పట్టు చాలకపోతే బలం తగ్గినట్టు, జారిన సంగతే తెలియకపోతే స్పర్శ తగ్గినట్టు. పొద్దున మొహం కడుక్కుంటూ కళ్ళు మూసుకోగానే తూలుతున్నారా అంటే, "అవు సార్, మీకెట్ల తెలిసె?" అన్నారు. కాళ్ళు ఎక్కడున్నాయో మెదడుకి చెప్పే దారి దెబ్బతిన్నవాళ్ళు చూపు మీద ఆధారపడి నిలబడతారు మరి. అలాంటివాళ్ళకి షుగర్, బి12 పరీక్షలు ముందు రాస్తాను.

"ఏమిటి" అన్నదానికి జవాబు కాలంలో ఉంటుంది. నిమిషాల్లో వచ్చిందంటే రక్తనాళం. రోజుల్లో పెరిగితే ఇన్ఫెక్షన్ లేదా వాపు. నెలల్లో అయితే గడ్డ ఉందేమో చూడాలి. ఏళ్ళ మీద అయితే కణాలు నెమ్మదిగా క్షీణించే జబ్బులు. దీనికి మినహాయింపులు బోలెడు, అయినా మొదటి అంచనాకి ఇంతకంటే మంచి సాధనం నాకు దొరకలేదు.

"ఎక్కడ" తేలకుండా స్కాన్ తీస్తే ఏమవుతుందో ఒక కేసు చెప్తాను. రెండు కాళ్ళూ బిగుసుకుపోయి, కర్రల్లా నడుస్తున్న ఒకావిడకి ఇంకో ఆస్పత్రిలో నడుం ఎంఆర్‌ఐ రెండుసార్లు తీశారు. డిస్క్ కొంచెం ఉబ్బింది అని రిపోర్టు. ఆ వయసులో అది చాలామందికి ఉంటుంది. మోకాలి మీద సుత్తితో తడితే కాలు ఎగిరిపడుతోంది, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తోంది. ఇవి వెన్నుపాము దెబ్బతిన్న గుర్తులు. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుం పైభాగంలో, మొదటి లంబార్ పూస దగ్గరే అయిపోతుంది. దాని కింద ఎంత వెతికినా ఏం లాభం? మెడకి స్కాన్ తీస్తే అక్కడ నొక్కుడు ఉంది.

కొన్నిసార్లు అసలు స్కాన్‌లో, ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష) ఏమీ ఉండదు. అనంతపురం నుంచి వచ్చిన పదో తరగతి అమ్మాయికి అప్పుడప్పుడూ ఫిట్స్. అన్ని రిపోర్టులూ నార్మల్. గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టించారు. ఏ రోజుల్లో వస్తున్నాయని అడిగితే వాళ్ళమ్మ కాసేపు ఆలోచించి, "ఎక్కువగా ఆదివారాలే సార్" అంది. ఆదివారం ఏం చేస్తారు? తలస్నానం. కాగిన నీళ్ళు చెంబుతో గబగబా నెత్తిన పోస్తున్నారు. వేడినీళ్ళ మూర్ఛ దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో, ఎక్కువగా కనిపించేదే. దీని మీద బెంగళూరులోని మెదడు, మానసిక జబ్బుల ఆస్పత్రి నిమ్హాన్స్ డాక్టర్లు 1988లోనే వ్యాసం ప్రచురించారు. గోరువెచ్చని నీళ్ళకి మార్చి, తలస్నానానికి ముందు వేసుకోవడానికి క్లోబజామ్ అనే ఫిట్స్ మందు రాసిచ్చాను. కొంతమందికి ఇంతే సరిపోతుంది, కొంతమందికి రోజూ మందు కావాలి.

ఈ ఓపిక అంతా పనికిరాని చోటు పక్షవాతం. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా కథలు వినకుండా నేరుగా స్కాన్‌కే. రక్తనాళంలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు.

మీ నాన్నగారికి స్కాన్ ఎప్పుడు అవసరమంటే, మొదటి ఏడాదిలోనే తరచూ పడిపోతున్నా, లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్ముతున్నా, పార్కిన్సన్స్‌కి ఇచ్చే ముఖ్యమైన మందు లీవోడోపా సరిపడా మోతాదులో వాడినా మార్పు లేకపోయినా. అప్పుడు మీరు అడగకముందే డాక్టరు రాస్తారు. రివ్యూకి వెళ్ళేలోపు ఒక పని చేయండి: పొద్దున మందు వేసుకోకముందు ఒకసారి, వేసుకున్న గంటకి ఒకసారి ఆయన నడకని, చొక్కా గుండీలు పెట్టుకోవడాన్ని ఫోన్‌లో వీడియో తీయండి. మాస్క్, లుంగీ అడ్డం లేకుండా, మొహం, పాదాలు రెండూ పడేలా.