రెండు సింగిల్ కాస్క్‌లూ ఒకేలా మండుతుంటే

రెండు సింగిల్ కాస్క్ విస్కీలు (ఒక్కోటీ ఒకే పీపా నుంచి సీసాకెత్తినది) పక్కపక్కన రుచి చూస్తే తేడా తెలియక మంటే తెలుస్తోందని రాశారు. లోపం మీ నాలుకలో లేదు, ఆల్కహాల్ శాతంలో ఉంది. మీరు రాసినదాన్ని బట్టి ఒకటి 58 శాతం, ఇంకోటి 46. పైగా మే నెల బెజవాడ గదిలో వాసన కంటే ముందు ఘాటే ముక్కుకి కొడుతుంది.

1. సీసాలు కాసేపు ఏసీ గదిలో ఉంచండి. ఐస్ వద్దు.

2. అందరూ వదిలేసేది ఇదే: రెండింటినీ ఒకే శాతానికి తేవాలి. 58ది 20 మి.లీ. పోసి 5 మి.లీ. నీళ్లు కలిపితే దాదాపు 46కి దిగుతుంది. సూది లేని సిరంజితో కొలవండి, కంటి అంచనా పనికిరాదు. బోరు నీళ్లు అసలొద్దు. పది నిమిషాలు ఆగి వాసన చూడండి. నాకైతే అప్పటిదాకా మంటే తెలిసిన షెర్రీ (స్పెయిన్ వైన్) పీపాలో ఉంచిన విస్కీలో ఎండు ఖర్జూరం వాసన తేటగా పైకొచ్చింది. చిల్ ఫిల్టర్ చేయనిదైతే (అంటే చల్లబరిచి వడకట్టనిదైతే) కాస్త మబ్బుగా మారొచ్చు, పాడైనట్టు కాదు.

3. ఆవకాయ తిన్న పూట మానేయండి.