వాళ్ల కాగితం మీద నీ పెన్సిల్ పెట్టకు

తల్లీ,

హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా చేరుతున్నావని చదివి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ వెంటనే "టెన్షన్‌గా ఉంది సార్, సగం మందికి ఆసక్తే లేదంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి" అని కూడా రాశావు. ముప్పై ఏళ్లకు పైగా ఆ వయసు పిల్లల మధ్యే ఉన్నాను కాబట్టి, నాకు తోచిన వరసలో రాసేస్తున్నాను.

ఆసక్తి లేదన్న మాట నమ్మకు. ఐదేళ్ల పిల్లల్ని బొమ్మలు వేయడం ఎవరికొచ్చు అని అడిగితే చేతులన్నీ లేస్తాయి. పదమూడేళ్ల వాళ్లని అడుగు, ఇద్దరో ముగ్గురో లేపుతారు, మిగతా వాళ్లు ఆ ఇద్దరి వైపు చూస్తారు. పదేళ్లు దాటేసరికి పిల్లల కన్ను పదునెక్కుతుంది, చెయ్యి మాత్రం ఇంకా వెనకే ఉంటుంది. తను వేసిన గుర్రం గుర్రంలా లేదని ఎవరూ చెప్పక్కర్లేకుండా వాడికే తెలిసిపోతుంది. నిజానికి అది చూపు ఎదిగిందనడానికి గుర్తు, కానీ వాడికి మాత్రం "నాకు రాదు" అన్నట్టే వినిపిస్తుంది. పెద్దవాళ్లలో చాలామందిని మనిషి బొమ్మ వెయ్యమని చూడు, పదేళ్ల పిల్లాడు వేసినట్టే వేస్తారు, ఎందుకంటే అక్కడే మానేశారు. అలా మానేసే వయసులో వాళ్లు నీ చేతికొస్తున్నారు. వాళ్లలో ఎంతమంది చిత్రకారులవుతారో నాకు పట్టదు, మానేయకుండా ఎంతమంది ఉన్నారన్నదే నేను లెక్క చూసుకునేవాణ్ణి.

అందుకే అన్నిటికన్నా ముందు ఈ మాట: వాళ్ల కాగితం మీద నీ పెన్సిల్ పెట్టకు.

నేను కొత్తలో పెట్టాను. ఒకమ్మాయి తన ఎడమ చెయ్యి చూసి వేసుకుంటోంది, బొటనవేలు దగ్గర ఆగిపోయింది, చెరిపి చెరిపి ఆ చోట కాగితం నూగులేచి బూడిదరంగుకి తిరిగింది. పక్కన వంగి, పెన్సిల్ తీసుకుని, రెండు గీతల్లో వేలు సరిచేసి ఇచ్చాను. బాగా కుదిరింది కూడా. తర్వాత గోడకి పెడదామంటే "వద్దు సార్, ఆ వేలు నాది కాదు" అంది. కోపంగా ఏం కాదు, మామూలుగానే అంది. ఆ ఏడాదంతా ఎక్కడ కష్టమొచ్చినా పెన్సిల్ నా వైపు చాచేది. ఆ అలవాటు ఆ పిల్లకి నేను చేసింది, ఇప్పటికీ బాధే నాకు. అప్పటినుంచి జేబులో చిన్న చిన్న కాగితం ముక్కలు పెట్టుకునేవాణ్ణి, చూపించాల్సింది ఆ ముక్క మీద గీసి చూపించి, మళ్లీ నాతోనే తీసుకుపోయేవాణ్ణి. ఇంకా మంచిది అడగడం. "ఈ రెండు వేళ్ల మధ్య ఖాళీ ఏ ఆకారంలో ఉంది?" అని అడిగి పక్కకి తప్పుకో.

మొదటి క్లాసులో పాఠం చెప్పకు, కాగితం వైపు చూడకుండా తమ చెయ్యి తామే వెయ్యమను. కన్ను వేలి అంచు మీద చీమ పాకినట్టు నెమ్మదిగా కదలాలి, అదే వేగంతో పెన్సిల్ కదలాలి, ఐదు నిమిషాలు. అందరివీ వంకరటింకరగానే వస్తాయి, బాగా వేస్తాడని పేరున్న వాడిది కూడా. దాంతో క్లాసులో పోలికలు పోతాయి. అయ్యాక ఆ వంకర గీతల్లోనే గోరు దగ్గరో కణుపు ముడత దగ్గరో ఒక చిన్న ముక్క అచ్చం చెయ్యిలాగే ఉంటుంది, దాన్ని వెతికి వాడికి చూపించు.

తర్వాత కుర్చీ. కుర్చీని వెయ్యమంటే మనసులో ఉన్న కుర్చీని వేస్తారు, నాలుగు కాళ్లూ ఒకే పొడవున. అందుకని కుర్చీని వదిలేసి కాళ్ల మధ్య, కమ్మీల మధ్య కనబడే ఖాళీలను మాత్రమే వెయ్యమను. ఖాళీకి పేరుండదు, కాబట్టి చూసి వేయడం తప్ప వేరే దారి లేదు. ముఖంతోనూ అంతే. దాదాపు అందరూ కళ్లను నుదుటి మీద పెడతారు. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు సరిగ్గా మధ్యలో ఉంటాయని చెబితే ఎవరూ నమ్మరు, పక్కవాడి ముఖాన్ని పెన్సిల్ పెట్టి కొలవమను. ఆ రోజు క్లాసు గోలగోలగా ఉంటుంది, ఉండనీ.

కొందరు కొలిచి వెయ్యడం, గళ్లు గీసుకుని వెయ్యడం మోసం అంటారు. వాళ్లకి పేరున్న డచ్ చిత్రకారుడు వాన్ గో సంగతి చెప్పు. ఆయన చిత్రకారుడవ్వాలని నిర్ణయించుకున్నది 1880లో, ఇరవై ఏడేళ్ల వయసులో. దారాలు బిగించిన చెక్క చట్రం చేయించుకుని అందులోంచి చూస్తూ వేసేవాడు, 1882లో తమ్ముడు థియోకి రాసిన ఉత్తరంలో ఆ చట్రం బొమ్మ కూడా గీసి పంపాడు. అట్టముక్క, నాలుగు దారాలు ఉంటే అలాంటిది ఒక పీరియడ్‌లో చేసేయొచ్చు.

ఎప్పుడూ కార్టూన్ బొమ్మలే వేసే పిల్లలుంటారు, వాళ్లని తిట్టకు. వాళ్లు ఇంకా మానేయలేదు కదా, అది చాలా పెద్ద విషయం. "నీ హీరో కత్తి పట్టుకున్నాడుగా, పట్టు సరిగా కుదరాలంటే నీ చేత్తో స్కేలు పట్టుకుని అది చూసి వెయ్యి" అను. వాడంతట వాడే వస్తాడు.

రంగుల దగ్గర ఎక్కువ ఇవ్వకు. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, ఈ నాలుగూ చాలు. నలుపు మొదటి నెల ఇవ్వనేవద్దు, ఇస్తే నీడలన్నీ నలుపుతో పూసేస్తారు. ఎరుపు, పసుపు కలిపి నారింజ చేసుకుని, దాన్ని నీలంలో కొంచెం కొంచెంగా కలిపి, రంగు ఎలా మందగిస్తుందో వాళ్లే చూడాలి. ఇంకో మాట, ఎవరైనా ఆకులకి గోధుమ రంగు వేస్తే నవ్వకు, నవ్వనివ్వకు. ఎరుపు ఆకుపచ్చల తేడా సరిగా తెలియని పిల్లలుంటారు, ఎక్కువగా మగపిల్లల్లో, ఆ సంగతి వాళ్లకే తెలియకపోవచ్చు. రంగు డబ్బాలన్నిటి మీదా పేర్లు రాసి అతికించు, అందరికీ అన్నట్టే, ఏ ఒక్కణ్ణీ వేలెత్తి చూపకుండా.

"బాగుంది" అన్న మాట వీలైనంత తగ్గించు. అది విన్న పిల్లకి ఏం బాగుందో తెలియదు, వినని పిల్లకి మాత్రం గుచ్చుకుంటుంది. "ఈ గిన్నె అంచు ఇటు పక్క లేతగా వదిలావు, వెలుతురు అటునుంచే వస్తోంది కదా" అంటే నువ్వు నిజంగా చూశావని తెలుస్తుంది. ప్రతి కాగితం మీదా తేదీ వేయించి నీ దగ్గరే దాచు. మార్కులు వేసేటప్పుడు మొదటి నెల చెయ్యి, ఆఖరి నెల చెయ్యి పక్కపక్కన పెట్టుకో, పక్కవాడి కాగితం మాత్రం పెట్టకు.

బెల్లుకి పది నిమిషాల ముందే బ్రష్‌లు కడిగించడం మొదలుపెట్టు, లేకపోతే తర్వాత వచ్చే టీచర్‌తో రోజూ పేచీయే. రబ్బర్లు మొదటి ఇరవై నిమిషాలు నీ బల్ల మీదే ఉండనీ.

మొదటి క్లాసు అయ్యాక ఆ వంకర చేతుల్లో నీకు నచ్చిన ఓ నాలుగు ఫొటో తీసి పంపు. ఎవరివో పేర్లు అక్కర్లేదు, ఎక్కడ చూసి వేశారో నేను వెతుక్కుంటాను.

ఆశీస్సులతో,
మీ డ్రాయింగ్ మాస్టారు