సిట్రిన్ గుత్తి సహజమైనదా, కాల్చినదా?

నారింజ రంగు సిట్రిన్ (పసుపు ఛాయ క్వార్ట్జ్ స్ఫటికం) గుత్తి కొన్నారు, మొనలు ఎర్రగా, అడుగు తెల్లగా ఉంది, సహజమేనా అని అడిగారు. ఆ పోలికలను బట్టి అది కాల్చిన అమెథిస్టే, అంటే వేడిచేసి రంగు మార్చిన ఊదా క్వార్ట్జ్.

బ్రెజిల్‌లోని రియో గ్రాండే దో సుల్ రాష్ట్రంలో బసాల్ట్ (గట్టిపడిన లావా) రాతి బోలుల్లో ఊదారంగు అమెథిస్ట్ విరివిగా దొరుకుతుంది. దాన్ని కొలిమిలో సుమారు 400–500 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే, లోపలి ఇనుము స్థితి మారి ఊదా పోయి పసుపో, ఇటుక రంగో వస్తుంది.

రంగు కంటే ముందు ఆకారం చూడండి. బోలులో పెరిగిన అమెథిస్ట్‌కు నిలువు పలకలు దాదాపు కనబడవు, మొనలే ఒత్తుగా ఉంటాయి. వేడి రంగును మారుస్తుంది కానీ ఆకారాన్ని మార్చదు. అందుకే ఈ గుర్తును నేను అన్నిటికంటే ఎక్కువ నమ్ముతాను. సహజ సిట్రిన్ ఎక్కువగా పొడుగాటి ఆరుపలకల స్ఫటికంగా వస్తుంది. రంగు కాస్త పొగచూరిన లేత తేనెలా, పైనుంచి కిందిదాకా పరుచుకుని ఉంటుంది. కాల్చిన దాంట్లో రంగంతా మొనల్లోనే, కింద సున్నం పూసినట్టు తెలుపు.

విడి స్ఫటికమైతే ఇంకో పరీక్ష ఉంది. వెనక తెల్ల కాగితం పెట్టి, పోలరైజ్డ్ చలువ అద్దం (ఒకే దిశలో కంపించే వెలుగునే పోనిచ్చేది) ఒకటి అడ్డుపెట్టి, స్ఫటికాన్ని పక్కనుంచి చూస్తూ అద్దాన్ని నెమ్మదిగా 90 డిగ్రీలు తిప్పండి. సహజ సిట్రిన్‌లో పసుపు ఛాయ కొద్దిగా మారుతుంది, కాల్చిన అమెథిస్ట్‌లో మారదు. రంగు మరీ లేతగా ఉంటే తేడా పట్టుకోవడం కష్టం. వెనక ఫోను తెర వెలుగు మాత్రం పెట్టకండి. తెర వెలుగే పోలరైజ్ అయి వస్తుంది కాబట్టి ఏ రాయైనా మారినట్టే కనిపించి మోసపోతారు.

పొగరంగు క్వార్ట్జ్‌ను తక్కువ వేడిలో పసుపుకు తెచ్చిన స్ఫటికాలు కూడా అమ్ముతున్నారు. ఆకారం, ఛాయ, అద్దం పరీక్ష అన్నీ సహజమైనదానిలాగే ఉంటాయి. ఇంట్లో తేల్చలేం. అక్కడ గని పేరు, తవ్విన చోటు రాసిచ్చే అమ్మకందారే దిక్కు. "సహజం" అన్న ఒక్క మాటకు ఎక్కువ ధర పెట్టకండి.

మీ గుత్తిని పారేయక్కర్లేదు. క్వార్ట్జ్ నిజమైనదే. చీటీ మీద "వేడిచేసిన అమెథిస్ట్" అని రాసి పెట్టుకోండి, రేపు చేతులు మారినా ఎవరూ మోసపోరు. కాల్చినవి పెళుసు. కొలిమి వేడి ఎక్కువై 573 డిగ్రీలు దాటితే క్వార్ట్జ్ అమరికే మారుతుంది, చల్లారేటప్పుడు సన్నని పగుళ్లు పడతాయి. మొనలు పట్టి ఎత్తితే ఊడి చేతికొస్తాయి, అడుగున రెండు చేతులూ పెట్టి తీయండి.