గాజు చుట్టూ తెల్ల చుక్కలు

ప్రశ్న: ఎం.టెక్ ప్రాజెక్టుకు పాత్ ట్రేసర్ (కాంతి కిరణాల దారులను యాదృచ్ఛికంగా వెంబడించి చిత్రం తయారుచేసే ప్రోగ్రామ్) రాస్తున్నాను. పిక్సెల్‌కు శాంపిళ్లు (వెంబడించే కిరణాల సంఖ్య) 64 నుంచి 256కు పెంచినా గాజు గ్లాసు చుట్టూ తెల్ల చుక్కలు పోవడం లేదు. ఎందుకు?

జవాబు: శాంపిళ్లు నాలుగు రెట్లు చేసినా నాయిస్ (చిత్రంలోని గరుకుదనం) సగమే తగ్గుతుంది. పైగా గాజు అడ్డొస్తే షాడో రే (ఒక బిందువుకు దీపం కనిపిస్తోందా అని చూసే కిరణం) దీపాన్ని చేరదు. గాజు గుండా చిన్న దీపాన్ని తాకే కిరణం ఎప్పుడో ఒకటి దొరుకుతుంది, దాని విలువ భారీగా ఉంటుంది. అదే ఆ చుక్క.

ముందు గాజు తీసేసి రెండర్ చేయండి. చుక్కలు అప్పటికీ ఉంటే పీడీఎఫ్ (కిరణం దిశను ఎంచుకునే సంభావ్యత సాంద్రత) లెక్కలో తప్పు వెతకాలి. పోతే దీపం సైజు పెంచండి, లేదా ఫోటాన్ మ్యాపింగ్ (దీపం నుంచే కిరణాలు వదిలి వెలుగు ఎక్కడ పడిందో నమోదు చేసే పద్ధతి) వాడండి. క్లాంపింగ్ (భారీ విలువలను ఒక హద్దు దగ్గర కత్తిరించడం) తేలికే, కానీ అది వెలుగును మింగేస్తుంది. పేపర్‌లో పెట్టే రిఫరెన్స్ చిత్రానికి (మిగతా ఫలితాలను పోల్చే సరైన చిత్రానికి) మాత్రం అసలు వాడకండి. పద్ధతులను శాంపిళ్ల లెక్కన మాత్రమే కాక, సమాన సమయంలో కూడా పోల్చి చూపండి. సమీక్షకులు మొదట అడిగేది అదే.